గుండేటి అనసూర్య గిన్నె

మా గల్లీల ఒక స్టీలు గిన్నె తిరుగుతది.
అంచు కింద చుక్కలు చుక్కలుగ పేరు కొట్టి ఉంటది:
గుండేటి అనసూర్య, 12-5-84.
ఆమె ఎవరో మాకెవ్వరికీ తెల్వది.

కరీమాబాద్‌ల కిరాయికి దిగిన మూడోనాడు
పుంటికూర కుక్కి కుక్కి పెట్టి
ఓదెలు మామ గోడ మీదికెల్లి అందిచ్చిండు.
గిన్నె నీదేనా మామా అంటే
కూర నాది, గిన్నె నాది గాదు అన్నడు.
మళ్ల నాకియ్యకు. అవుతలింటికియ్యి.
అది ఎనకకు రావద్దు బిడ్డా, ముందటికి పోవాలె.

నాకు జాకెట్లు కుట్టుడొక్కటే వచ్చు.
మట్టంటే చెప్పుల కంటుకునేదే అనుకున్న.
ఆ రోజు సర్వపిండి నాలుగు తునకలు పెట్టి
మెహరాజ్ ఆపా దర్వాజ కొట్టిన.

ముప్పై ఏండ్లు రైలు పట్టాల పొంటి నడిచి
సుత్తె కొట్టి సప్పుడు విన్న మనిషి మామ.
బంగ్లా మీద నా పెయింట్ డబ్బాలను
వేలు మడిచి ఒక్కొక్కటి కొట్టి చూస్తడు:
ఇది తాగింది, ఇయ్యాల నీళ్లొద్దు.
ఇది బొంగుపోయింది, దీనికి పొయ్యి.

ఆనిగెపు తీగ పూస్తది, పూస్తది, కాయదు.
దీపం పెట్టే యాళ్లకు మామ మెట్లెక్కి వచ్చి
ఉత్త కాడ మీద నిలవడ్డ పువ్వొకటి తెంపి
పిందె మోసే పువ్వు నోట్లె మెల్లగ రాసిండు.
తుమ్మెదలు కరీమాబాద్‌కు రావు బిడ్డా,
వాటి డ్యూటీ మనమే చెయ్యాలె.
సిగ్గయ్యి నేను అటు తిరిగి నవ్విన.

ఆపా ఇచ్చింది చపాట మిర్చి నారు,
గిలాసల ఏర్లు దిగిన పుదీన కాడలు,
పేనుబంక మీద బూడిద ఎప్పుడు చల్లాలెనో ఆ సంగతి:
మంచు ఆరకముందే బేటా, ఆరినంక గాలికి పోతది.

నా తాన ఏముంది ఇయ్యనీకి?
ఎండకాలం కోతులు దిగినంక తెలిసింది.
లైనింగ్ పీలికలు, జాకెట్ తునకలు ఏరి
కాయకొక సంచి కుట్టిన, మెడకాడ నాడా పెట్టి.
గల్లీల ఆనిగెపుకాయలన్నీ
పెండ్లికి తయారైనట్టు రంగురంగుల గుడ్డలల్ల ఏలాడినయి.
కోతులు కొన్నింటిని విప్పి చూసినయి,
రెండు సంచులు ఏసుకొని పోయినయి గూడ.
పోనీ, అవీ మా గల్లీయే.

ఆ వానకాలం గిన్నె స్వరూప ఇంట్ల ఆగింది.
ఒక వారం. పదకొండు రోజులు.
టమాటలు పెట్టి పంపిన, గిన్నె మింగింది అని
ఎవరో అన్నరు. నేనే అన్న.
వాళ్లిల్లు పల్లంల ఉంటది,
మోకాలి మంటి నీళ్లు నిలిచిన సంగతి
మిషన్ సప్పుడుల నాకు ఇనవడలే.

పన్నెండోనాడు వచ్చింది గిన్నె.
అడుగున ఏడు చిక్కుడు ఇత్తులు, బురద వాసనతోని.
ఇవే మిగిలినయక్కా అన్నది,
తక్కువైతే ఏమనుకోకు.

నాలుగు మురిగినయి.
ఒకటి మామ కాడ, ఒకటి ఆపా గోడకు,
ఒకటి నా పెయింట్ డబ్బల మొలిచింది.
గిన్నె ఎనకకు పోవద్దన్న మాట
మేం ముగ్గురం ఆ ఒక్కసారి మరిచినం.
మొదటి కోత కాయలు మూడిండ్లయి
ఒక్క గిన్నెలనే స్వరూప ఇంటికి పోయినయి.
ఆమె ఏం మాట్లాడలే. ఈనెలు తీసుడు మొదలుపెట్టింది,
మేం గూడ కూసొని తీసినం.

ఇయ్యాల అది మళ్ల నా కాడ ఉంది.
బోర్లించి తోముతుంటే
అనసూర్య పేరు వేలికి తగుల్తది,
ఇత్తులు పెట్టనీకి గుచ్చిన సాలు లెక్క.
ఆమె ఏం పెట్టి పంపిందో మొట్టమొదలు,
గిన్నె రాలేదని ఎన్నిరోజులు చూసిందో.

మిర్చి పండింది. ఎండవెట్టే జాగ లేదు.
గిన్నెకు మూత గూడ లేదు,
జల్ది పంపాలె.